ఇంటి జీతంలో ఐదో వంతు పెట్రోలు బంకుకే పోతోంది

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాళెం. మావారు కృష్ణపట్నం పోర్టు దగ్గర ఒక గోడౌన్‌లో సూపర్‌వైజరు, చేతికి 24 వేలు వస్తాయి. నేను నెల్లూరులో ప్రైవేటు స్కూల్లో టీచర్ని, నాకు 11 వేలు. సొంత ఇల్లుంది. కనిగిరి రిజర్వాయరు కాలవ కింద ఎకరంన్నర మాగాణి కౌలుకిచ్చాం, ఏడాదికి 30 వేలు వస్తాయి. పెద్దపాప ఆరో తరగతికి వచ్చింది, చిన్నది రెండో తరగతి. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. శ్రావణంలో కావలిలో మా చెల్లెలి పెళ్ళి. పెట్రోలుకే నెలకు నాలుగైదు వేలు పోతోంది, రేటు ఇంకా పెరుగుతుందంటున్నారు, టెన్షన్‌గా ఉంది. మావారు కార్డు మీద పెట్రోలు కొట్టిస్తారు. ఆర్నెల్ల కింద 11 వేలున్న కార్డు బాకీ ఇప్పుడు 38 వేలైంది, నెలనెలా మినిమం డ్యూ కడుతున్నాం. నాకు బ్యాంకులో నెలకు 2 వేల ఆర్‌డీ ఉంది, 20 నెలలు కట్టాను. అది ఆపి కరెంటు బండి వాయిదాల మీద తీసుకుందామని ఆయన అంటున్నారు. పోర్టు దగ్గరున్న ముత్తుకూరులో ఇల్లు బాడుగకు తీసుకుని మారిపోదామని నేనంటున్నాను. మెడలో గొలుసు అమ్మేద్దామా అని కూడా ఒకసారి అనిపించింది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను (పైన వేసింది దాని సారాంశమే). రెండోసారి పెన్నూ కాగితం దగ్గర పెట్టుకుని చదివాను. పెట్రోలుకు నాలుగైదు వేలు అని రాశారు గానీ, మీరిచ్చిన వివరాలు పెట్టి లెక్క కడితే అంతకంటే చాలా ఎక్కువ తేలింది.

ముందు మీవారి లెక్క చూద్దాం. బుచ్చి నుంచి నెల్లూరు మీదుగా పోర్టుకు 40 కిలోమీటర్లు, రానూ పోనూ 80. నెలకు 26 రోజులంటే 2,080 కిలోమీటర్లు. బండి 45 ఇస్తుందన్నారు కాబట్టి 46 లీటర్ల పైమాటే. లెక్క సులువుగా ఉండటానికి లీటరు 110 రూపాయలు అనుకుందాం. 5,080 రూపాయలు ఆయన ఒక్కరికే అయింది. మీ స్కూటీ రోజుకు 32 కిలోమీటర్లు, నెలకు 24 రోజులు, లీటరుకు 40 చొప్పున 19 లీటర్లు. అది 2,110. రెండూ కలిపితే 7,190. ఇంటికొచ్చే 35 వేలల్లో ఐదో వంతు బంకులోనే ఆగిపోతోంది. ఆయిలు, టైర్లు, చైను ఇందులో కలపలేదు.

మీరు లెక్క తప్పారని అనడం లేదు. నాకూ ఇదే జరిగింది. 2022 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో పెట్రోలు 120 దాటినప్పుడు, నాకు నెలకు రెండున్నర వేలు అవుతుందేమో అనుకున్నాను. ఒక నెలంతా కొట్టించుకున్నప్పుడల్లా డైరీలో రాస్తే 4,100 తేలింది. వంద, రెండొందలు చొప్పున పోయే డబ్బు గుర్తుండదు. ఇంటి బాడుగ ఒకేసారి ఇస్తాం కాబట్టి గుర్తుంటుంది.

మీవారి కార్డు స్టేట్‌మెంట్ ఫోటో పంపారు కదా, అందులో ఇది కళ్ళకు కట్టినట్టు కనిపించింది. 200, 200, 200 అంటూ ఒకే అంకె పైనుంచి కిందిదాకా వరుసగా ఉంది. మధ్యలో అత్తగారి స్కానింగు ఒకటి, ఫ్రిజ్ రిపేరు ఒకటి. మిగతా అంతా పెట్రోలే. రోజూ పొద్దున బంకులో ఆగి, కార్డు ఇచ్చి, రెండొందలకు కొట్టించుకుని వెళ్తున్నారు. జేబులోంచి నోటు తీయలేదు కాబట్టి ఖర్చయినట్టు కూడా ఆయనకు అనిపించి ఉండదు.

రేటు పెరిగితే ఏమవుతుందోనని భయపడుతున్నారు. ఆ భయాన్ని కూడా ఒకసారి అంకెల్లో పెడదాం. మీ ఇల్లు నెలకు తాగేది 65 లీటర్లు. లీటరుకు రూపాయి పెరిగితే మీకు పడే భారం 65 రూపాయలు. ఒకేసారి 5 రూపాయలు పెరిగినా 325. కష్టమే, కాదనను. డీజిలూ దానితో పాటే పెరిగితే కూరగాయల లారీ నుంచి స్కూలు ఆటో దాకా అన్నీ కొంచెం కొంచెం పైకి జరుగుతాయి. అయినా 11 వేల బాకీ ఆర్నెల్లలో 38 వేలు కావడానికి ఆ 325 కారణం కాదు. రోజుకు 80 కిలోమీటర్లు, పైగా అప్పు మీద. అసలు కారణం అది.

మన దగ్గర పెట్రోలు ఎందుకింత ఎక్కువ అని కూడా అడిగారు. పెట్రోలు జీఎస్టీలో లేదు. కేంద్రం ఎక్సైజు వేస్తుంది, దాని మీద రాష్ట్రం వ్యాట్ వేస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో వ్యాట్ 31 శాతం, అది కాక లీటరుకు 4 రూపాయలు, ఆపైన రోడ్ల సెస్సు ఒక రూపాయి. అందుకే చెన్నై వెళ్ళే మన జిల్లావాళ్ళు తడ దగ్గర రాష్ట్ర సరిహద్దు దాటేదాకా ఆగి అవతల ట్యాంకు నింపుకుంటారు. ఆ పన్నులు మన చేతిలో లేవు. కిలోమీటర్లూ, కార్డూ మాత్రం మన చేతిలో ఉన్నాయి. కాబట్టి అక్కడ మొదలుపెడదాం.

ఆ స్టేట్‌మెంటు అడుగున చిన్న అక్షరాల్లో నెలకు 3.5 శాతం వడ్డీ అని ఉంది. వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది. కలిపితే నెలకు నూటికి 4 రూపాయల 13 పైసలు. ఊళ్ళో వడ్డీ వ్యాపారి నూటికి నాలుగు అంటే మీరు గుమ్మంలోంచే పంపేస్తారు. 38 వేలకు నెలకు 1,570 రూపాయలు ఇలా పోతోంది. మినిమం డ్యూ అని మీరు కట్టే 1,900లో అసలుకు పడేది 330 మాత్రమే. అటువైపు నెలకు ఐదు వేల పెట్రోలు కొత్తగా చేరుతూనే ఉంది.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. కార్డు బాకీ మొత్తం తీరుస్తూ ఉంటేనే కొత్త కొనుగోళ్ళకు వడ్డీ లేని రోజులు దొరుకుతాయి. బాకీ మిగిలి ఉంటే ఈరోజు కొట్టించిన పెట్రోలుకు ఈరోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. అంటే బంకు బోర్డు మీద లీటరు 110 ఉంటే, నెల తిరిగేసరికి మీ ఇంటికి అది 114 రూపాయల 50 పైసలు. చాలా కార్డుల్లో పెట్రోలు సర్‌ఛార్జీ, అంటే కార్డుతో కొట్టిస్తే అదనంగా పడే రుసుము, మాఫీ కావాలంటే ఒక్కసారి కనీసం 400కు కొట్టించాలి. రెండొందల చొప్పున అయితే అదీ రాదు. రేటు పెరుగుతుందేమోనని మీరు భయపడుతున్న ఆ నాలుగు రూపాయలూ మీకు ఇప్పటికే పెరిగి కూర్చున్నాయి.

ఉన్న విషయం సూటిగా చెబుతున్నాను, మనసు కష్టపెట్టుకోకండి. మీ ఇల్లు నెలకు నాలుగున్నర వేల లోటుతో నడుస్తోంది. ఆ లోటును కార్డు పూడుస్తోంది. ఆర్‌డీ కడుతున్నాం కాబట్టి పొదుపు చేస్తున్నాం అని మీకనిపిస్తోంది. నిజానికి ఏడాదికి ఆరేడు శాతం వడ్డీ వచ్చే చోట 2 వేలు వేస్తూ, నెలకే నాలుగు శాతం పోయే చోట అంతకు రెట్టింపు పైన అప్పు చేస్తున్నారు.

అందుకని ఆర్‌డీని ఆపడం కాదు, మూసేసి డబ్బు తీసుకోండి. పెద్దపాప చదువుకని మొదలుపెట్టానని రాశారు. ఇరవై నెలలు ఒక్క కంతు కూడా తప్పకుండా కట్టారు. ఆ జీతంలో అది ఎంత కష్టమో నాకు తెలుసు, మూసేయమని రాయడానికి నాకూ చెయ్యి ఆడలేదు. అయినా మూసేయండి. గడువుకు ముందు తీస్తే వడ్డీలో కొంచెం కోత పడుతుంది, అయినా 41 వేల పైచిలుకు రావాలి. అందులోంచి కార్డు బాకీ పూర్తిగా తీర్చేయండి. మినిమం కాదు, సగం కాదు, ఇంకా బిల్లులోకి రాని 200లతో సహా మొత్తం. ఆ తర్వాత కార్డును బీరువాలో పెట్టండి. మీవారు పెట్రోలుకు నగదు ఇస్తారో, ఫోన్‌లో చెల్లిస్తారో ఆయన ఇష్టం, ఉన్న డబ్బులోంచే పోవాలి.

మిగిలే రెండు మూడు వేలకు నా దగ్గర ఒక పని ఉంది. ఉత్తరం మూడో పేజీలో, పెళ్ళి చీరల సంగతికీ ఇంటి సున్నాల సంగతికీ మధ్య ఒక మాట రాశారు: "ఈ ఖర్చుల్లో పడి బండి ఇన్సూరెన్సు అయిపోయి రెండు నెలలైనా కట్టలేదు." అది చదివాక నాకు మిగతా ఉత్తరం ముందుకు సాగలేదు. రోజుకు 80 కిలోమీటర్లు, పోర్టు లారీలు తిరిగే రోడ్డు మీద, రాత్రి షిఫ్టయితే చీకట్లో. ఇన్సూరెన్సు లేకుండా పట్టుబడితే మొదటిసారి 2 వేలు జరిమానా, అది పక్కన పెట్టండి. పొరపాటున ఎవరికైనా దెబ్బ తగిలితే పరిహారం మీ ఇంటి మీద పడుతుంది, ఎకరంన్నర పొలం మిగలదు. ఆయనకే ఏదైనా అయితే? ఈ జవాబు చదివిన రోజే కట్టండి. కట్టేటప్పుడు బండి యజమానికి 15 లక్షల ప్రమాద బీమా అందులో ఉందో లేదో పేపరులో చూడండి. బ్యాంకుకు వెళ్తున్నారు కాబట్టి ప్రధానమంత్రి సురక్షా బీమా కూడా ఇద్దరూ రాయించుకోండి. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే 2 లక్షలు. జీవనజ్యోతి అయితే 436 రూపాయలు, ఏ కారణంతో పోయినా 2 లక్షలు. ఇద్దరు చిన్నపిల్లలున్న ఇంటికి ఇవి చాలవు. కాస్త ఊపిరి తీసుకున్నాక ఆయన పేరున టర్మ్ పాలసీ తీసుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ లేదు కాబట్టి ప్రీమియం అప్పటికంటే తేలికే.

ఇక కిలోమీటర్లు. మీకు 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు పెట్టిన స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. బస్సులు కిటకిటలాడుతున్నాయనీ, చిన్నపాపను స్కూల్లో దింపి వెళ్ళాలి కాబట్టి స్కూటీ తప్పదనీ రాశారు. రెండూ నిజమే. నాకు తోచింది చెబుతాను. పాపను స్కూటీ మీద దింపండి, స్కూటీ బుచ్చి బస్టాండు దగ్గర తెలిసిన కొట్టు ముందు పెట్టండి, అక్కణ్ణించి నెల్లూరుకు బస్సెక్కండి. సాయంత్రం నెల్లూరులోని ఆత్మకూరు బస్టాండులో ఎక్కితే సీటు దొరికే అవకాశం ఎక్కువ. రోజూ వద్దు. వర్షం వచ్చిన రోజు, పరీక్షల రోజు, ఒంట్లో బాగాలేని రోజు స్కూటీ మీదే వెళ్ళండి. వారానికి నాలుగు రోజులు బస్సయితే నెలకు 1,400 రూపాయల పెట్రోలు మిగులుతుంది. నెల్లూరులో స్కూలు దాకా షేర్ ఆటోకు ఐదొందలు పోయినా నికరంగా 900. మీ 11 వేల జీతం మీద అది ఎనిమిది శాతం. మీ యాజమాన్యం అంత ఇంక్రిమెంటు ఎప్పుడు ఇచ్చిందో గుర్తు చేసుకోండి.

మీవారికి బస్సు కుదరదు, షిఫ్టులు ఒప్పుకోవు. అయితే ఆయన గోడౌన్‌కే నెల్లూరు నుంచి ఇద్దరు ముగ్గురు వేరువేరు బండ్ల మీద వస్తారని మీరే రాశారు. ఒకే షిఫ్టు పడే ఒక్కరితో మాట్లాడుకుంటే చాలు, ఒక వారం ఈయన బండి, ఒక వారం ఆయన బండి. నెల్లూరు నుంచి పోర్టు దాకా రానూ పోనూ 48 కిలోమీటర్లు. నెలలో 13 రోజులు తప్పితే 620 కిలోమీటర్లు, 14 లీటర్లు, 1,500 రూపాయలు. వెనక కూర్చున్నవారికీ హెల్మెట్ ఉండాలి. మగవాళ్ళు ఇలాంటివి నోరు తెరిచి అడగడానికి మొహమాటపడతారు, మీరే ఒక ఆదివారం ఆ కుటుంబాన్ని టీకి పిలవండి. పోర్టు దగ్గర కొన్ని సంస్థలకు స్టాఫ్ బస్సులుంటాయి, వీళ్ళకు దారి కలుస్తుందేమో అదీ కనుక్కోమనండి.

బండి మైలేజీ నిజంగా 45 ఉందో లేదో కూడా చూడండి. ట్యాంకు ఫుల్ చేయించి మీటరు రీడింగు రాసుకోండి. మళ్ళీ ఫుల్ చేయించినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో భాగించండి. నా బండి ఒకసారి 36కు పడిపోతే ఇంజను పోయిందనుకుని కంగారుపడ్డాను. మెకానిక్ ఎయిర్ ఫిల్టర్ తీసి దులిపితే గుప్పెడు దుమ్ము రాలింది, వెనక టైరులో గాలి సగమే ఉంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది, దానివల్ల పాత బండ్లకు మైలేజీ కొంచెం తగ్గుతుంది. దాన్ని మనం ఆపలేం, గాలి మాత్రం వారానికోసారి పట్టించుకోవచ్చు.

ఇప్పుడు మీ ఇద్దరి మధ్య వాదన. కరెంటు బండి విషయంలో మీవారి ఆలోచన తప్పు కాదు, సమయమే తప్పు. మీ ఇంటి కరెంటు వాడకం నెలకు 150 యూనిట్లు అన్నారు. 2,080 కిలోమీటర్లకు ఇంకో 70 యూనిట్లు కలిసినా 225 లోపే, అంటే యూనిట్ 6 రూపాయల స్లాబులోనే ఉంటారు. పెట్రోలు 5,080 పోయే చోట కరెంటు 450 లోపు. లక్ష అప్పు తీసుకుంటే 12 శాతం వడ్డీకి మూడేళ్ళ ఈఎంఐ 3,320. అన్నీ పోను నెలకు 1,300 లాభం అని కాగితం చెబుతుంది. చిక్కెక్కడంటే, పెట్రోలు అప్పు మీద పోతోంది, ఈఎంఐ మాత్రం నగదుగా కట్టాలి. ఇప్పుడు మీ దగ్గర ఆ నగదు లేదు. కార్డు బాకీ అలాగే ఉంచి దీన్ని నెత్తినెత్తుకుంటే రెండు వైపులా కంతులే.

బండి చూసేటప్పుడు ఇంకో రెండు విషయాలు గమనించమనండి. కంపెనీవాళ్ళు 120 కిలోమీటర్లు వస్తుందన్నా, రోడ్డు మీద, ఎదురుగాలిలో అంత రాదు. ఈయనకు రోజూ 80 కావాలి, బ్యాటరీ పాతబడ్డాక అది అంచు మీద నడకే. గోడౌన్‌లో చార్జింగ్ పెట్టుకోనిస్తారా అన్నది అడక్కుండా కొనకూడదు. రెండోది వారంటీ. బ్యాటరీకి ఎనిమిదేళ్ళు అని పెద్ద అక్షరాల్లో వేస్తారు, పక్కనే 80 వేల కిలోమీటర్లు అని ఉంటుంది, ఏది ముందు పూర్తయితే అది. ఈయన ఏడాదికి 25 వేల కిలోమీటర్లు తిరుగుతారు. ఎనిమిదేళ్ళ వారంటీ ఈయనకు మూడేళ్ళు దాటగానే అయిపోతుంది, సరిగ్గా ఈఎంఐ తీరే సమయానికి. కిలోమీటర్లు ఎక్కువ ఇచ్చే వారంటీ చూసుకోవాలి, అవసరమైతే పొడిగింపు కొనాలి. మార్చి, ఏప్రిల్‌లో కోతలయ్యాక కౌలు డబ్బు వస్తుంది కదా, అప్పటికి కార్డు సున్నాగా ఉంటే ఆ 30 వేలు డౌన్‌పేమెంటుగా పెట్టి నిశ్చింతగా కొనుక్కోవచ్చు.

ముత్తుకూరు మాట మరచిపోండి. ఆయన పెట్రోలు నాలుగు వేలు మిగిలినా బాడుగకు అంతకంటే ఎక్కువ పోతుంది, మీ దూరం పెరుగుతుంది, పిల్లల స్కూలు మారుతుంది, మోకాళ్ళు పట్టేసిన అత్తగారు తెలియని ఊళ్ళో మెట్లెక్కాలి. గొలుసూ మెడలోనే ఉండనివ్వండి. ఆర్‌డీతో తీరే బాకీకి దాని అవసరం లేదు.

మరి నెల గడుస్తుందా? గడుస్తుంది. కార్డుకు కట్టే 1,900, ఆర్‌డీకి కట్టే 2,000 ఇక మీ చేతిలోనే ఉంటాయి. బండి పంచుకుంటే ఆయన పెట్రోలు 3,560కి దిగుతుంది, అది ఆ 3,900లో సరిపోతుంది. మీ బస్సు వల్ల మిగిలే 900 కలిపితే నెలకు 1,200 దాకా పక్కన పడుతుంది. చిన్న మొత్తమే, కానీ ఆర్నెల్లలో మొదటిసారి మీ ఇంట్లో నెలాఖరుకు మిగులు కనిపిస్తుంది. దాన్ని వేరే ఖాతాలో వేయండి, అత్తగారి మందులకూ ఫ్రిజ్ లాంటి హఠాత్తు ఖర్చులకూ కార్డు బదులు ఇక ఆ డబ్బే.

పొలం కౌలుదారు డీజిలు ఖర్చు పెరిగిందని రెండు వేలు తగ్గించమంటున్నాడు, ఒప్పుకోవాలా అని చివర్లో అడిగారు. దున్నకానికి ట్రాక్టరు, కోతకు మిషను, మిల్లుకు ట్రాలీ, అన్నీ డీజిలు మీదే నడిచేవి. మీ ఇంటికి పెట్రోలు ఎంత భారమో అతనికి అది అంత భారం. పుట్టి వడ్ల ధర బాగా పలికిన ఏడాది అతను మీకు సరిగ్గా ఇచ్చి ఉంటే, ఈ ఏడాది తగ్గించండి. అప్పుడు డౌన్‌పేమెంటు 28 వేలవుతుంది, దానివల్ల మన లెక్క తిరగబడదు. కాలవ నీళ్ళ దగ్గర నిలబడి మీ చేను చూసుకునేది అతనే.

పెళ్ళికి కావలి దాకా కారు మాట్లాడుకోవాలా, రెండు బండ్ల మీద వెళ్తే సరిపోతుందా అని అడగడానికి సిగ్గుపడుతూ అడిగారు. నెల్లూరు నుంచి కావలికి రైలుంది, మీరు నలుగురే అయితే రైలే చాలు. అత్తగారు వస్తున్నారు కాబట్టి కారే మాట్లాడుకోండి. స్టేషను మెట్లు ఆమెతో ఎక్కించవద్దు. ఆ బాడుగ ఈ నెల నుంచే 300 చొప్పున డబ్బాలో వేయండి, చాలకపోతే మీ 1,200లోంచి కలపండి. కార్డు మాత్రం బీరువాలోంచి తీయకండి.